మొక్కలు వద్దు, మేడ మీద కుళాయి వేయించండి

సంక్రాంతికి అమెరికా నుంచి ఇంటికెళ్ళే మనవాళ్ళలో ఈమధ్య ఒక కొత్త హుషారు చూస్తున్నాను. కనుమ మర్నాడు కారేసుకుని నర్సరీకి వెళ్ళడం, మొక్కలు పెంచే గ్రో బ్యాగులు, మట్టికి బదులు వాడే కొబ్బరిపొట్టు కోకోపీటు, వర్మీకంపోస్టు, డజన్ల కొద్దీ నారు మొక్కలు తెచ్చి మేడ మీద దించడం, అమ్మానాన్నలతో ఫొటో దిగి విమానం ఎక్కేయడం. ఇది మానేద్దాం అంటున్నాను. నేనూ చేశాను కాబట్టే అంటున్నాను.

2024 జనవరిలో విజయవాడ సత్యనారాయణపురంలో మా మేడ మీద 40 బ్యాగులు పెట్టాను. టమాటా, కాలీఫ్లవర్, క్యారెట్. ఆ నెలలో బెజవాడని చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. తెల్లవారుజామున మంచు, పగలు మెత్తటి ఎండ, రాత్రి ఫ్యాను అక్కర్లేదు. మా డల్లాస్‌లో అలాంటి హాయి మార్చి ఆఖరుకి గానీ రాదు. ఫిబ్రవరిలో గరాజ్‌లో లైటు కింద టమాటా నారు పోసుకుని, మొక్క గడ్డకట్టే చలి పోయిందనుకున్నాక మార్చి మధ్యలో నాటుకుంటాం. ఆ లెక్కనే సూట్‌కేసులో పెట్టుకుని బెజవాడ దాకా మోసుకెళ్ళాను. డల్లాస్‌లో ఆ చల్లదనం ఎండాకాలానికి ఇంకా మూడు నెలల ముందు సంగతి. బెజవాడలో నెల తిరిగేసరికి ఎండ నెత్తికెక్కుతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పుట్టినప్పటి నుంచీ వింటున్నవాణ్ణే.

మార్చి చివర్లో అమ్మ వీడియో కాల్ చేసి ఫోన్ టమాటా మొక్క దగ్గర పెట్టింది. నడుమెత్తు మొక్క, గుత్తులు గుత్తులుగా పసుపు పూలు. వేలితో అలా తట్టిందో లేదో, కాడ కణుపు దగ్గర ఊడి రెండు పూలు రాలిపోయాయి. "పూతకేం లోటు లేదురా, కాయే నిలవట్లేదు" అంది. పగలు 35 డిగ్రీలు తగిలి, రాత్రి కూడా 22, 23కి దిగకపోతే టమాటా పుప్పొడి పనికిరాకుండా పోతుంది, పిందె కట్టకముందే పూత రాలుతుంది. డల్లాస్‌లో మా పెరట్లో జులైలో ఏటా జరిగేదీ ఇదే. అప్పుడు ఎండలు కదా అని సరిపెట్టుకుంటాను. అమ్మతో మాత్రం, "నీళ్ళు సరిగ్గా పోస్తున్నావా?" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నాకే గుచ్చుకుంటుంది.

కాలీఫ్లవర్ గుప్పెడంత పువ్వు కట్టి విచ్చుకుపోయింది. క్యారెట్ల సంగతి అడక్కండి.

అసలు కష్టం నీళ్ళది. మేడ మీద కుళాయి లేదు. 71 ఏళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు, రోజూ రెండుపూటలా బకెట్లు పట్టుకుని మెట్లు ఎక్కింది. ఏప్రిల్లో నల్ల బ్యాగులు చెయ్యి పెడితే కాలుతుంటాయి. పొద్దున తడిపిన కోకోపీటు సాయంత్రానికి పొడిపొడి. "ఎండిపోతే నువ్వు బాధపడతావని పోశానురా" అంది తర్వాతెప్పుడో.

మరుసటేడు తన పద్ధతిలో తను వేసుకుంది. రథసప్తమి దాటేదాకా చిక్కుడు పాదు మీద చెయ్యి వెయ్యదు. చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి రథం చేయాలి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టాలి. ఆ తర్వాత పొద్దు పొడుగయ్యేకొద్దీ పూత తగ్గుతుంది, లేత కొమ్మలకు పేనుబంక పడుతుంది. ఇంక దాన్ని ఉంచి లాభం లేదు. 2025లో ఆ పండగ ఫిబ్రవరి 4న వచ్చింది. ఆ వారంలోనే పాదు పీకేసి అదే పందిరికి బీర పెట్టింది. పక్కన బెండ, దోస, గోంగూర, తోటకూర. అన్నీ కలిపి పది కుండీలు. రాత్రంతా నానబెట్టి నాటిన బెండ గింజ నలభై ఐదు రోజులకల్లా కాయ ఇచ్చింది. ఈనెలు పసుపెక్కిన మొక్క కనిపిస్తే అమ్మ జాలి పడదు, పీకేస్తుంది. తెల్లదోమ ఆ పల్లాకు తెగులుని మిగతావాటికి అంటిస్తుందని తనకి తెలుసు.

బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. ఆ వేళకి మా మేడ మీదకి తేనెటీగలు పెద్దగా రావు. ముందు వచ్చేవన్నీ గుత్తులుగా మగపూలు. ఆడపువ్వు గుత్తిగా కాకుండా ఒంటరిగా వస్తుంది, వెనక వేలెడంత పిందెతో. అమ్మ ఒక మగపువ్వు తుంచి, రెక్కలు వెనక్కి మడిచి, ఆడపువ్వు మీద మెల్లిగా అద్దుతుంది. "అరనిమిషం పని. దీనికి కూడా యూట్యూబ్ చూడాలా?" అంటుంది.

పెద్దవాళ్ళకి కాలక్షేపం కదా అని కొందరు మిత్రులు వాదిస్తారు. తన పది కుండీలు కాలక్షేపమే, ఒప్పుకుంటాను. నేను పెట్టిపోయిన నలభై బ్యాగులు మాత్రం డ్యూటీ. పోనీ కూరగాయలకు కరువా అంటే, ఆటో ఎక్కితే పటమట రైతు బజారు. బ్యారేజీ దాటితే ఉండవల్లి, పెనుమాక పొలాలు. కూరలూ పూలూ పండే ఆ నేల వదులుకోలేకే అక్కడ చాలామంది అమరావతి రాజధాని భూసమీకరణకి ఒప్పుకోలేదు.

డబ్బు ఖర్చు పెట్టాలనే ఉంటే మేడ మీదకి పైపు లాగించండి. మార్చికల్లా సగం నీడనిచ్చే గ్రీన్ నెట్ కట్టించండి. నీళ్ళు పోయడానికి ఒక మనిషిని మాట్లాడి, జీతం మీరివ్వండి. అమెరికా నుంచి విత్తనాలు మోసుకెళ్ళకండి, దానికి అనుమతి పత్రాల తంటా ఒకటి. బెండలో పల్లాకు తెగులు తట్టుకునేందుకనే బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళు తీసిన అర్క అనామిక లాంటి రకాలు మనకే ఉన్నాయి. ఏం వేయాలో, ఎన్ని వేయాలో పెద్దవాళ్ళనే అడగండి.

మా ఇంట్లో కుళాయి మొన్ననే వేయించాను. ప్లంబరు దాన్ని బాగా కిందికి బిగించి పోయాడు, కింద బకెట్ పట్టదు. అమ్మ ప్రస్తుతానికి చెంబుతో పట్టి పోస్తోంది. పైపు ముక్క ఒకటి తొడిగితే సరిపోతుందట, దానికి నేను రానక్కర్లేదట.