అల్హంబ్రాలో ఒంటికాలి తపస్సు

ఫోటో అనగానే తెలుగు కుర్రాడి కుడికాలు తనంతట తానే లేస్తుంది. మోకాలు వంగుతుంది, బూటు వెనక్కి వెళ్లి దగ్గర్లో ఏ గోడ ఉంటే ఆ గోడకు ఆనుకుంటుంది. చేతులు జేబుల్లోకి పోతాయి. చూపు మాత్రం కెమెరాను వదిలేసి ఎక్కడో దూరంగా, ప్రమోషన్ వచ్చే దిక్కుకేసి సాగుతుంది. భగీరథుడు గంగ కోసం ఒంటికాలి మీద నిలబడ్డాడు, మనవాళ్లు డీపీ కోసం నిలబడుతున్నారు. తపస్సు తపస్సే, కాదనను. కాకపోతే భగీరథుడు రెండో కాలు ఎవరి గోడకో ఆనించినట్టు నేనెక్కడా వినలేదు.

ఊళ్లో కల్వర్టు గోడకూ, కాలేజీ ప్రహరీకీ ఈ సేవ ఎన్నాళ్లు జరిగినా ఎవరికీ అభ్యంతరం లేదు. పాస్‌పోర్టు వచ్చాకే చిక్కంతా. జర్మనీలో ఉద్యోగం, ఈస్టర్ సెలవులు, స్పెయిన్‌లోని మలగాకు చవక విమానం, అక్కణ్నుంచి అద్దె కారులో గ్రనడా. కారు నిండా తెలుగువాళ్లం, డిక్కీ నిండా పులిహోర. మా బృందంలోని ఒంటికాలి యోగిని ‘మనవాడు’ అనే పిలుస్తాను. మీ బృందంలోనూ ఒకడుంటాడు, వాడి పేరు మీరే వేసుకోండి.

గ్రనడా కొండ మీది పాత సుల్తానుల కోట అల్హంబ్రా. దానికి టికెట్ దొరకడమంటే తిరుమలలో దర్శనం స్లాటు దొరికినట్టే. పేరు, పాస్‌పోర్టు నంబరు ఇచ్చి చాలా ముందే బుక్ చేసుకోవాలి. లోపల నస్రిద్ వంశపు సుల్తానులు ఉన్న రాజమందిరాలకు మళ్లీ వేరే టైము, అది దాటితే లోపలికి పోనివ్వరు. వీపు మీది బ్యాగులు కూడా పొట్ట మీదికి తిప్పుకోమంటారు, పొరపాటున వెనక గోడకు రాసుకుంటాయని. మనవాడు బుద్ధిగా బ్యాగు ముందుకు తిప్పుకున్నాడు. బూట్లను ఏ వైపుకు తిప్పుకోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మేం ముందు ఆగింది 14వ శతాబ్దంలో మొదటి యూసుఫ్ సుల్తాను సింహాసనం వేసుకున్న పెద్ద హాల్లో. తలెత్తితే 8 వేలకు పైగా చెక్క ముక్కలు కూర్చిన కప్పు, ఏడు ఆకాశాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. గోడల పైభాగమంతా గచ్చులో చెక్కిన రాతలు, లతలు. కిందిభాగమంతా రంగు పలకలు. ఆ పలకలు అచ్చులో పోసినవి కావు. మెరుగుపూత పూసి కాల్చిన పలకను ముక్క ముక్కగా కోసి, నక్షత్రాలుగా, రెక్కలుగా ఒకదానిలో ఒకటి ఇమిడేలా పేర్చారు. ఎషర్ అనే డచ్చి చిత్రకారుడు 1922లో ఒకసారి వచ్చి చూసి, ఆ లెక్క అంతుబట్టక 1936లో భార్యతో మళ్లీ వచ్చి, కూర్చుని ఆ నమూనాలనే కాగితం మీదికి దించుకున్నాడు. మనిషి మోకాలు వంచి కాలు వెనక్కి పెడితే సరిగ్గా ఆ పలకల ఎత్తుకే వస్తుంది. యూసుఫ్‌గారు అంత ముందుచూపుతో కట్టించారు.

కిటికీ పక్కన మనవాడు నిలబడ్డాడు. కాలు లేచింది.

‘నో, నో’ అంటూ యూనిఫాం వేసుకున్న ఒకావిడ హాలు ఆ చివరి నుంచి పరుగున వచ్చింది. గోడను ముట్టుకోకూడదని ముందు స్పానిష్‌లో, తర్వాత ఇంగ్లిష్‌లో చెప్పింది. మనవాడు రెండు చేతులూ జేబుల్లోంచి తీసి చూపించాడు.

‘చెయ్యి పెట్టలేదు మేడమ్. కాలే.’

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. అటువంటి వాదన ఆవిడ ఉద్యోగంలో చేరాక వినలేదనుకుంటాను. హాలు మధ్యలో పాత పలకల నేల చుట్టూ కట్టిన తాడును మనవాడు వేలుతో చూపించాడు. అక్కడ తాడుంది కాబట్టి తను తొక్కలేదు, గోడకు తాడు లేదు కాబట్టి తొక్కాడు. హైకోర్టు దాకా నిలబడే పాయింటు. ‘ఒక్క ఫోటో మేడమ్, కొంచెం అడ్జస్ట్ చేసుకోండి’ అని కూడా అన్నాడు. ఫోటో తీస్తున్న వదిన ‘లైటు వెనకనుంచి వస్తోంది, కాస్త ఇటు జరుగు’ అంటోంది, కాలు సంగతి ఎత్తకుండా. ఇంకో మిత్రుడు ‘మనవాళ్లెవరైనా ఇక్కడ పనిచేస్తున్నారేమో కనుక్కోరా’ అన్నాడు. ఆరు వందల ఏళ్లనాటి రాజమందిరంలో రికమండేషన్ కోసం వెతుకులాట.

కాలు దిగింది. పలక మీద బూటు ముందుభాగం ఆకారంలో లేత మట్టి మరక. ఆవిడ వంగి చూసి, ముట్టుకోకుండానే లేచి, వాకీటాకీలో ఎవరికో ఏదో చెప్పింది. అక్కణ్నుంచి సింహాల ప్రాంగణం దాకా మా వెనకే నడిచింది. అక్కడ 124 సన్నటి పాలరాతి స్తంభాలున్నాయి మరి. ఆవిడ చేసిన లెక్కలో తప్పు లేదు.

ఇదే మనవాడు జర్మనీలో ఉండే అద్దె ఇంటి గురించి చెప్పాలి. మూడు నెలల అద్దె డిపాజిట్ కట్టాడు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గోడ మీద మరక కనిపిస్తే ఓనరు కోత పెడతాడు. అందుకని ఆ ఇంట్లో సోఫా గోడకు జానెడు దూరంలో ఉంటుంది. క్యాలెండర్ మేకుకు కాదు, డోరు గుబ్బకు వేలాడుతుంది. చిన్నవాడు నూనె చేత్తో గోడ దగ్గరికి వెళితే ఇంట్లో సైరన్ మోగుతుంది. మొన్న వేసిన తెల్ల రంగుకు అంత మర్యాద! అల్హంబ్రావాళ్లు అమాయకులు, టికెట్ డబ్బుల దగ్గరే ఆగిపోయారు. మనిషికి మూడు నెలల జీతం డిపాజిట్ పెట్టించుకుని, బయటికొచ్చేటప్పుడు టార్చిలైటు వేసి గోడలు చూసుకుని తిరిగిస్తే, మనవాడు ఆ హాల్లో గాలి కూడా మెల్లగా పీల్చేవాడు.

1812లో నెపోలియన్ సేనలు గ్రనడా వదిలిపోతూ ఈ కోట బురుజుల్ని కొన్ని పేల్చేశాయి. వాళ్లు శత్రువులమని చెప్పుకునే వచ్చారు. ‘హెరిటేజ్ అంటే నాకు ప్రాణం’ అని స్టేటస్ పెట్టుకుని రాలేదు.

పరాయి దేశం కాబట్టి అలా చేశాడు, మనదైతే చేయడు అని ఎవరైనా అంటారేమో. గోల్కొండ ఎక్కి చూడండి. కింద దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి, పైన వినబడిందా అని అరిచి, పైకెళ్లే దారి పొడవునా గచ్చు కనిపించిన చోటల్లా పేర్లు గీకారు. బాణం గుచ్చిన గుండెకాయలు, ఇంటర్ బ్యాచ్‌ల సంవత్సరాలు. మేకుతో గీకారు, తాళంచెవితో గీకారు. ఒకడు ఫోన్ నంబరు కూడా చెక్కి వదిలాడు. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని చట్టంలో ఉంది. ఎవడికి భయం? ఆ సున్నం మళ్లీ రాదురా. ఆ చెయ్యి తిరిగిన మేస్త్రి మళ్లీ పుట్టడు. మీ ప్రేమ మూడో నెలలో పోతుంది, ఆ గీత పోదు. సిగ్గులేదా అని అడగాలనిపిస్తుంది. అడుగుతున్నాను, సిగ్గులేదా?

సాయంత్రం లోయకు అవతల అల్బాయ్‌సిన్ కొండెక్కాం. అక్కణ్నుంచి అల్హంబ్రా మొత్తం కనిపిస్తుంది, వెనక సియెర్రా నెవాడా కొండల మంచు. సన్నటి సందులు, రెండు పక్కలా తెల్లటి సున్నం గోడలు, చుట్టుపక్కల కాపలావాళ్లెవరూ లేరు. ‘ఇక్కడ పెట్టుకోరా నీ కాలు, తీస్తాను’ అన్నాను. మనవాడు గోడను వేలితో రాసి చూసుకుని వెనక్కి జరిగాడు.

‘వద్దన్నా, సున్నం. బూట్లు కొత్తవి.’