కూత రాని కుక్కర్ గారికి

మహారాజశ్రీ కరెంటు ప్రెషర్ కుక్కర్ వారి దివ్యసముఖమునకు,

విజయనగరం నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా వంటగట్టు మీద మూత బిగించుకుని క్షేమంగానే ఉన్నారు. మొన్న కనుమ నాడు మధ్యాహ్నం పన్నెండున్నరకీ అలాగే ఉన్నారు, ఒంటిగంటన్నరకీ అలాగే ఉన్నారు. గారెలు చల్లారి తోలులా సాగాయి. అల్లుళ్ళకి రెండో విడత కాఫీ అయింది. వేసిన విస్తళ్ళు తీసి, ఈగలు తోలి, మళ్ళీ వేశారు. లోపల ఒత్తిడి ఎక్కితే లేవాల్సిన తమ మూత మీది బుల్లి బుడిపె మాత్రం పైకి లేవలేదు. కనుమ నాడు కాకి కూడా కదలదని పెద్దలంటే, ఆ మాట కాకులకే అనుకున్నాం.

తప్పెక్కడో తరవాత తేలింది లెండి. ఆవిరి వదిలే మీట అటు మూసే "సీలింగ్" వైపూ లేదు, ఇటు వదిలే "వెంటింగ్" వైపూ లేదు. తగువు తీర్చడానికొచ్చిన పెద్దమనిషిలా నడిమధ్యన నిలబడింది. సందులోంచి ఆవిరి సన్నగా పోతూనే ఉంది. లోపల ఒకటిన్నర కిలో ఏటమాంసం, అదే మటన్, మామూలు తపేలాలో ఉన్నట్టే నూరు డిగ్రీల దగ్గర మరుగుతూ కూర్చుంది. ఆవిరి మీట దగ్గర వస్తుంటే మీట సరిగ్గా తిరగలేదని. మూత అంచుల్లోంచి వస్తుంటే రబ్బరు గాడిలో కూర్చోలేదని, లేదా కరివేపాకు రెబ్బ ఒకటి ఇరుక్కుందని. ఎక్కడా రాకపోతే ఇంకా కాగలేదని. బుడిపెకి అడుగున తొడిగే సిలికాన్ టోపీ కడిగినప్పుడు సింకులో జారిపోయి ఉంటే, అది ఈ జన్మకి లేవదని. ఈ నాలుగు ముక్కలు మూత మీద అచ్చు వేయడానికి చోటు లేదా? ఆ మీటేమో ముట్టుకుంటే పళ్ళూడే పిల్లాడి పన్నులా ఆడుతుంది. అలా ఆడటమే దాని తయారీ అని, పాడైపోలేదని తెలిసేలోగా ఎంతమంది దాన్ని నొక్కి, తిప్పి, బట్ట చుట్టి కూర్చోబెట్టారో.

అయినా మా బాధ మీట గురించి కాదు. తమరు కూయరు. అదీ బాధ.

కూతంటే ఏమిటో తమకి ఎవరూ చెప్పినట్టు లేదు. పొయ్యి మీది కుక్కర్‌కి నెత్తిన ఒక వెయిట్ ఉంటుంది. లోపల ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి ఇంచుమించు 1 కిలో దాటగానే ఆవిరి ఆ వెయిట్‌ని ఎత్తుతుంది, కూత పడుతుంది, కాస్త ఆవిరి పోయాక వెయిట్ మళ్ళీ కూర్చుంటుంది. అప్పుడు లోపల వేడి 120 డిగ్రీలు. తమ పద్ధతి వేరు. ఒత్తిడి ఒక గీతకి రాగానే హీటర్ ఆపుకుంటారు, తగ్గగానే వేసుకుంటారు. అంతా లోలోపలే. ఆ గీతైనా తమ జాతిలో చాలామందికి 70, 80 కిలోపాస్కల్ దగ్గరే, అంటే 115 నుంచి 117 డిగ్రీలు. పొయ్యి కుక్కర్ కన్నా తక్కువ వేడి, ఎక్కువ సేపు, బొత్తిగా మౌనం.

మా వైపు మాంసానికి కొలత గడియారం కాదు, కూత. పప్పుకి మూడు, లేత ఏటకి ఐదు, ముదురు పొట్టేలుకి ఎనిమిది. ఎవరూ రాసుకోరు. గొబ్బెమ్మలు ఎత్తుతున్న మనిషి లెక్కపెడుతుంది, వరండాలో పేకాడుతున్న మనిషి లెక్కపెడతాడు, స్నానాలగదిలో ఉన్నవాడు అక్కణ్ణుంచే "నాలుగు" అని అరుస్తాడు. నాలుగా ఐదా అని తగువొస్తే గోడవతల నుంచి సాక్ష్యం వస్తుంది. కనుమ పొద్దున్న పదిన్నరకి ఏ వీధిలో నడిచినా ఏ ఇంట్లో ఏం ఉడుకుతోందో, ఎంతవరకూ వచ్చిందో చెవితోనే తెలుస్తుంది.

శాస్త్రం ప్రకారం కూత చెత్త కొలతే, ఒప్పుకుంటాం. మంట పెద్దదైతే నిమిషానికొకటి, సిమ్‌లో పెడితే ఐదు నిమిషాలకొకటి. కానీ కూత కొలత మాత్రమేనా? అది కబురు. ఎంతకీ రాకపోతే రబ్బరు సాగిందని. చిమ్ముతూ తడితడిగా వస్తే నీళ్ళు ఎక్కువయ్యాయని. బలంగా వస్తున్నదల్లా నీరసపడితే సిలిండర్ అయిపోవచ్చిందని. ఇన్ని సంగతులు చెప్పే నోరు కుట్టేసి, దాని బదులు అద్దంలో ఎర్రగా "ఆన్" అని రెండక్షరాలు వెలిగించారు. ఆన్ అంటే? కాగుతోందా, ఆవిరి కారిపోతోందా, అడుగంటుతోందా? విజయనగరం జంక్షన్‌లోకొచ్చే గూడ్సు బండికి కూడా వస్తున్నానని కూసి చెప్పే మర్యాద ఉంది.

"ఏటర్రా, ఎన్ని కూతలయ్యాయి?" అని మంచం మీంచి అడిగింది మామ్మ.

"ఇది కూయదు మామ్మా."

"కూయదేటి? మూగదేటి?" అని, కాసేపాగి, "పాపం, చూసుకోకుండా ఎవరంటగట్టారో" అంది.

ఆవిడకి ఏం చెప్పాలి? ఐదు కూతలంటే తమ లెక్కలో ఎంత? ఎక్కడా రాసి లేదు కాబట్టి మేమే రాస్తున్నాం. ఎముకతో ఉన్న ముక్కలు, అంగుళంన్నరవి, లేత ఏటైతే హై ప్రెషర్‌లో 20 నుంచి 25 నిమిషాలు. ముదురైతే 35. ముదురు నాటుపుంజుకి 30. ఆ పైన 15 నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయాలి. ఈ అంకెలు దొరకడానికి ఎంత మాంసం రబ్బరయిందో, ఎంత పీచయిందో అడక్కండి.

పైగా ఆ 20 నిమిషాలు ఎప్పుడు మొదలవుతాయి? ఒత్తిడి ఎక్కాక. ఫ్రిజ్‌లోంచి తీసిన ఒకటిన్నర కిలో మాంసం, నీళ్ళతో కలిపి, ఒత్తిడి ఎక్కడానికే 15, 20 నిమిషాలు పడుతుంది. దిగడానికి ఇంకో 15, గిన్నె నిండుగా ఉంటే 25. తమ 20 నిమిషాలకి మా ఊళ్ళో పేరు గంట. పెళ్ళిలో "ఇదిగో, వడ్డించేస్తున్నారు" అన్నట్టే ఉంది వ్యవహారం.

అది కూడా కరెంటు సరిగ్గా ఉంటే. పండక్కి వీధి వీధంతా గ్రైండర్లు, గీజర్లు, రంగుబల్బులు. 230 ఉండాల్సిన వోల్టేజి 180కి పడిపోతే తమ వెయ్యి వాట్ల హీటర్ ఇచ్చేది 610 వాట్లే. వోల్టేజి ఐదో వంతు తగ్గితే వేడి ఐదింట రెండు వంతులు పోతుంది, ఆ లెక్క అంత దుర్మార్గం. ఇన్వర్టర్ మీద పెడదామంటే ఫ్యాన్లకీ లైట్లకీ కొన్నది తమ బరువు మోయలేక కుయ్యోమంటుంది. అదైనా కూస్తుంది, చూశారా.

తమ వెంట వచ్చిన పుస్తకం సంగతి వేరే చెప్పాలి. అందులో పండగ మాంసం అని ఒక పేజీ. పెద్ద తొడ, పైన తేనెరంగు మెరుపు, చుట్టూ అనాస చక్రాలు. ఒత్తిడిలో 10 నిమిషాలు అని ఉంది. తొడంటే తొడే కదా అనుకుంటే గోతిలో పడ్డట్టే. అది హామ్, పడమటి దేశాల్లో క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ తినే పంది తొడ. ఉప్పులో ఊరి, పొగ తాగి, చాలా మటుకు ఉడికిపోయాకే కొట్టుకొస్తుంది. తమరు చేసేదల్లా దాని నడిమధ్యన 60 డిగ్రీలు వచ్చేలా వెచ్చబెట్టడం. ఎక్కువసేపు ఉంచితే పీచులు పీచులుగా రాలిపోతుంది. ఆ మెరుపు కూడా తమ ప్రజ్ఞ కాదు. పంచదార పాకం లోపల పోస్తే పలచబడి అడుగంటుతుంది కాబట్టి, బయటికి తీసి, పూసి, ఓవెన్‌లో పెడతారు. అంటే ఎవరో వండింది వేడి చేసి, ఇంకెవరో మెరుగు పెడితే, ఫోటోలో మధ్యన నిలబడ్డారన్న మాట. పొద్దున్నే కొట్టించుకొచ్చిన పచ్చి ఏట తొడకి ఆ పది నిమిషాలు ఏ మూలకి? అసలు తొడ లోపల పడితే కదా! 6 లీటర్ల గిన్నె అడ్డం జానెడు. మాంసం కొట్టు దగ్గరే మోకాలి కీలుకి కొట్టించుకుని రాకపోతే, మూతకీ ఎముకకీ మధ్య పండగంతా కుస్తీ.

బటన్లు చూస్తే యోగర్ట్ ఉంది, పోరిడ్జ్ ఉంది, కేకు ఉంది. ఏట లేదు.

ఇక తమ సున్నితత్వం. ఉల్లిపాయ వేయించాక అడుగున అంటుకున్న ఎర్రటి పొరే కదా కూరకి ప్రాణం? దాన్ని చూడగానే తమకి ఒళ్ళు మండి "బర్న్" అని అరుస్తారు. (నోటితో కాదు, అక్షరాలతో.) అంచేత వేగాక పావులీటరు వేణ్ణీళ్ళు పోసి, చెక్క గరిటెతో అడుగు గీకి గీకి తమ మనసు శాంతింపజేసి, అప్పుడు మాంసం వేయాలి. గసగసాలు, జీడిపప్పు, కొబ్బరి ముద్ద ముందే వేస్తే అడుక్కి దిగి మాడుతుంది కాబట్టి అది మూత తీశాకే. నీళ్ళు తక్కువైతే ఒత్తిడి ఎక్కదు. ఎక్కువైతే, ఆవిరి ఎటూ పోదు గనక పోసినవి పోసినట్టే ఉంటాయి, వాటికి మాంసం ఊరిన నీళ్ళు తోడు. మూత తీసి చూస్తే కూర కాదు, చారులో మాంసం. మళ్ళీ వేయించే బటన్, అదే సాటే, నొక్కి పది నిమిషాలు ఇగరబెట్టాలి. ఈ పది నిమిషాలు తమ గంటలో కలవలేదు, గమనించగలరు.

ఆకలికి ఆగలేక మీట ఠక్కున తిప్పారా, అయిపోయింది. లోపల ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే ముక్కలోని తడి కూడా కుతకుతమని ఆవిరైపోతుంది, మెత్తబడ్డ కండ బిగుసుకుంటుంది. గిన్నె మూడింట రెండు వంతులు దాటి నింపి ఉంటే నురగ కూడా ఎగజిమ్ముతుంది, పసుపూ నూనే కలిసిన నురగ. సంక్రాంతికని కొత్తగా వేయించిన సున్నం మీద, స్విచ్‌బోర్డు నుంచి క్యాలెండర్ దాకా, ఒక పచ్చటి విసనకర్ర. సబ్బుకి పోదు. ఎండ తగిలితే పోతుంది, కానీ వంటింటి గోడని ఎక్కడ ఆరేస్తాం?

రబ్బరు గురించి ఒక్క మాట. మాంసం వాసన పీల్చుకుని ఆ సిలికాన్ రింగు దాచిపెట్టుకుంటుంది, మర్నాటి పరమాన్నానికి కానుకగా ఇస్తుంది. ఏలకులు వేసినా లవంగాలూ వెల్లుల్లీయే పలుకుతాయి. నీసుకొకటి, తీపికొకటి, రెండు రింగులు ఉండాల్సిందే. రెండో రింగుకి డబ్బాలో చోటుంది. రింగు లేదు.

ఇంతసేపూ తమరు తమరు అన్నాం గానీ, ఏం నాయనా, నీకు సిగ్గనిపించదా? పది మంది విస్తళ్ళ ముందు కూర్చుని నీ మొహం చూస్తుంటే "ఆన్" అంటావా? ఉడికిందో లేదో మూత తీసి చూద్దామన్నా బుడిపె కిందికి దిగే దాకా తియ్యనివ్వవు. కూయవు, చూడనివ్వవు, చెప్పవు. మూగనోము పట్టినవాడితో సంసారం చేయొచ్చు గానీ వంట చేయలేం. మేం వేలకి వేలు పోసి కొన్న నువ్వు చేయలేని పని, బజార్లో కొద్ది రూపాయలకి దొరికే వెయిట్ చేస్తోంది!

నీకు తెలిసిన పని ఒకటుంది, అబద్ధమెందుకు. ఏటకాళ్ళ చారు. కాల్చి గీకించిన కాళ్ళు నాలుగు, లీటరుంపావు నీళ్ళు, మిరియాలు, ఉప్పు. హైలో 50 నిమిషాలు, ఆ తరవాత దానంతటది దిగే దాకా ఆగడం. పైడితల్లమ్మ జాతరలో పూజారి ఎక్కే సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరగడం చూసి, జనంలో నలిగి ఇంటికొచ్చేసరికి 60 డిగ్రీల పైన వెచ్చగా పట్టుకుని ఉంటావు. మూలగ దానంతటదే జారుతుంది. మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే పొద్దుటికి జున్నులా గడ్డకడుతుంది. పొయ్యి కుక్కర్‌నైతే అంతసేపు ఒంటరిగా వదిలి వీధి దాటలేం. అందుకే నిన్నింకా అటక ఎక్కించలేదు.

ఇట్లు,
గోడ తుడుస్తున్న వాళ్ళు

తా.క.: రెండు గంటలకి పక్కింటావిడ గోడ మీంచి గిన్నెడు ఏటకూర అందించింది. పొద్దుట్నుంచీ మా ఇంట్లో ఒక్క కూతైనా వినపడలేదట, ఈ ఏడు ఏట తెచ్చుకోలేదేమో అనుకున్నారట. ముక్క వేలితో తుంచితే తునిగింది. ఎనిమిది కూతలు. ఇక్కణ్ణుంచే లెక్కపెట్టాం.