టూడీ ఎకో గారికి, శ్రీకాకుళం నుంచి

గుండెని తెర మీద చూపించే స్కానింగు, మహారాజశ్రీ టూడీ ఎకో గారికి,

నమస్కారం. మొన్న శుక్రవారం మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా మీ గది బయట ఇనప కుర్చీలో కూర్చున్నవాణ్ణి. మీరు లోపలికి రానిచ్చింది మా అమ్మనే కాబట్టి నన్ను గుర్తుపట్టరు. ఆవిడ గుండె చూడ్డానికి మీకు ఆరు నిమిషాలు పట్టింది.

ఆపరేషన్ గుండెకి కాదు, కంటికి. శుక్లం. అయినా 'ఫిట్‌నెస్' కావాలన్నారు. ఏప్రిల్లో తీసిన రిపోర్టు చూపిస్తే బయటివి చెల్లవన్నారు. ఏడాదిలో ఇది మూడోసారి. అమెరికా, కెనడాల్లో 19 వేలకు పైగా శుక్లం ఆపరేషన్లు పరిశీలించి, ముందు అందరికీ చేయించే ఈసీజీ, రక్తపరీక్షల వల్ల ఒరిగేదేమీ లేదని 2000లోనే తేల్చారు. మీ తమ్ముళ్ల పనే అలా ఉంటే, పెద్దవారు మీరెందుకు వేంచేశారో!

ఒకప్పుడు మీ దర్శనానికి విశాఖ వెళ్లేవాళ్లం. ఇప్పుడు జిరాక్స్ షాపు పక్కన ఒకరు, మందుల షాపు మేడ మీద ఒకరు. సంతోషమే. పదిహేను వందలు పోతే పోయాయి. జెల్ తుడుచుకోడానికి ఇచ్చిన ఆ ఒక్క టిష్యూ గురించి కూడా మాట్లాడను.

కానీ ఆ 62 ఏమిటండీ?

'ఈఎఫ్ 62%' అని అచ్చేసి చేతికిచ్చారు. అమ్మ ఏడో తరగతి దాకా చదివింది, మార్కులంటే తెలుసు. "నూటికి అరవై రెండేనేటిరా? మిగతా ముప్పై ఎనిమిది ఎటెల్లిపోనాయి?" ఏప్రిల్లో 66. అంటే నాలుగు తగ్గాయి! రాత్రికల్లా పలాస నుంచి పిన్ని, ఆమదాలవలస నుంచి మావయ్య ఫోన్లు. అమ్మ మేడ ఎక్కడం మానేసింది. ఈఎఫ్ అంటే నిండిన గుండె ఒకసారి ముడుచుకుంటే బయటికి పోయే రక్తం వంతని, అది సగానికి కాస్త పైగానే ఉంటుందని, గట్టి గుండెకైనా నూటికి నూరు రాదని, చూసే చెయ్యి మారితే నాలుగైదు అంకెలు అటూ ఇటూ అవుతాయని, అడుగున ఒక్క తెలుగు ముక్క వేస్తే మీ సొమ్మేం పోయింది? 'గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్' అని మాత్రం మర్చిపోకుండా వేశారు. గుండె వదులవడంలో కాస్త నెమ్మది, అరవై దాటిన చాలామందికి ఉండేదే కదా అది!

మా వెనక టోకెన్ ఉద్దానం నుంచి వచ్చిన ఒకాయనది. చేతికి ఫిస్టులా, డయాలసిస్ సూదులు గుచ్చడానికి కలిపిన రక్తనాళం. కిడ్నీలు పోయినవాళ్లకి గుండె గోడ మందమవుతుంది, గుండె చుట్టూ నీరు చేరొచ్చు. నువ్వు చూడాల్సింది ఆయన్ని. తెల్లారకముందే బస్సెక్కిన మనిషి, కంటి ఆపరేషన్ల వాళ్లందరి వెనక గోడకి ఆనుకుని కూర్చున్నాడు. సిగ్గుందా నీకు? స్వీడన్‌లో 1953లో, ఓడల ఇనుములో లోపాలు వెతికే యంత్రం అరువు తెచ్చి నిన్ను మొదలుపెట్టారు. ఓడ బాగున్నా నెలనెలా తడిమి చూడమని కాదు.

అమ్మకి మాత్రం నీ మీద కోపం లేదు. తెర మీద తన కవాటం చూసి, "సేప మొప్పల్లాగ కొట్టుకుంటందిరా" అని దారంతా అదే కబురు.

రెండో కన్ను వచ్చే నెల. అప్పటికి ఈ రిపోర్టు పాతదైపోతుందట. ఈఎఫ్ సంగతి నేను ఎంత వివరించినా ఆవిడ చెవికెక్కలేదు. ఇవాళ పొద్దున్న చూస్తే మేడ మెట్లు ఎక్కి దిగుతోంది. ఈసారి డెబ్బై తెచ్చుకుంటుందట.

ఇట్లు,
టోకెన్ నంబర్ 23 వాళ్లబ్బాయి