ఏడాదికొక చాలు

చైనా గురించి రాయాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నా. మొదలుపెట్టిన ప్రతిసారీ నాకు ముందు మా పొలమే గుర్తొస్తుంది.

సూర్యాపేట దగ్గర మా నాన్నకు మూడెకరాల చెలక ఉండేది. పక్క పొలం వాళ్లు దున్నినప్పుడల్లా మా గెట్టును ఒక చాలు మేర కోసేవాళ్లు. ఒక్క చాలే. దాని కోసం పంచాయితీ పెడితే ఊళ్లో మనమే లేకిగా కనిపిస్తాం. నాన్న కూడా "గెట్టు పక్కన తుంగ తప్ప ఏం మొలుస్తది, పోనీ" అని ఊరుకునేవాడు. పన్నెండేళ్ల తర్వాత సర్వేయర్ టిప్పన్ (పొలం కొలతల పటం) పట్టుకొచ్చి గొలుసు లాగితే నాలుగు గుంటలు తక్కువ పడింది. పాత కడీ (హద్దురాయి) కోసం వెతికితే నాలుగు గజాల అవతల, వాళ్ల కంది చేనులో దొరికింది. అడిగితే వాళ్లేం గొడవకు రాలేదు. "ఎప్పటి నుంచో ఇట్లనే ఉంది కదనే" అన్నారు, అంతే.

చైనా విదేశాంగ ప్రతినిధి టీవీలో "ఇది ప్రాచీన కాలం నుంచీ మాదే" అన్నప్పుడల్లా నాకు ఆ మాటే వినిపిస్తుంది.

1954లో మనం వాళ్లతో పంచశీల ఒప్పందం చేసుకున్నాం. సరిగ్గా ఆ ఏళ్లలోనే వాళ్లు షిన్‌జియాంగ్ నుంచి టిబెట్‌కు, లద్దాఖ్‌లో మనదనే అక్సాయ్ చిన్ మీదుగా రోడ్డు వేసుకుంటున్నారు. 1957లో రోడ్డు పూర్తయిందని వాళ్ల పత్రికలే ప్రకటించాక గానీ మన ప్రభుత్వం గట్టిగా కదల్లేదు. అక్కడ గడ్డిపోచ కూడా మొలవదని నెహ్రూ పార్లమెంటులో అన్నారు. మా నాన్న అన్నదీ అదే. అలా చేయి దాటిన నేల దాదాపు 38,000 చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో మూడో వంతు.

ఈ పద్ధతి నిజంగా ఎలా నడుస్తుందో చూడాలంటే మాత్రం హిమాలయాల కంటే దక్షిణ చైనా సముద్రంలోని మిస్చీఫ్ రీఫ్‌ను చూడాలి. పోటు మీద మునిగిపోయే పగడపు దిబ్బ అది. ఫిలిప్పీన్స్‌లోని పలావన్ దీవికి సుమారు 240 కిలోమీటర్లు. చైనా తీరం నుంచైతే వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. 1995లో ఫిలిప్పీన్స్ వాళ్లు చూసేసరికి ఆ దిబ్బ మీద స్తంభాలు పాతి గుడిసెల్లాంటివి కట్టి ఉన్నాయి. ఏంటిది అంటే, మా జాలర్లు గాలివానలో తలదాచుకోవడానికి అన్నారు. గుడిసెల కోసం ఎవరు యుద్ధానికి పోతారు? నాలుగేళ్లు తిరిగేసరికి గుడిసెల చోట కాంక్రీటు కట్టడాలు లేచాయి. 2015లో డ్రెడ్జర్లు వచ్చి సముద్రం అడుగు నుంచి ఇసుక తోడి దిబ్బను దీవి చేసేశాయి. ఆ ఏడాది సెప్టెంబర్‌లో వైట్‌హౌస్‌లో నిలబడి షీ జిన్‌పింగ్, ఈ దీవులను సైనిక స్థావరాలుగా మార్చే ఉద్దేశం లేదన్నారు. ఇవాళ అక్కడ రెండున్నర కిలోమీటర్లు దాటిన రన్‌వే ఉంది, రాడార్లున్నాయి. 2016 జూలై 12న హేగ్‌లోని ట్రిబ్యునల్ ఆ సముద్రం మీద చైనా చెప్పే చారిత్రక హక్కుకు చట్టబద్ధమైన ఆధారం లేదని తేల్చింది. ఆ తీర్పును మేం ఒప్పుకోం అంది చైనా. దీవి అక్కడే ఉంది.

నేల మీద చాలు కోయడం ఒకటైతే, కాగితం మీద పేరు ఎక్కించుకోవడం ఇంకొకటి. పహాణీలో, అంటే ఊరి భూమి రికార్డులో, పేరు మార్పించే వాళ్లను చూసిన ఎవరికైనా ఇది వెంటనే అర్థమవుతుంది. అరుణాచల్ ప్రదేశ్‌లోని ఊళ్లకు, కొండలకు, నదులకు చైనా తన సొంత పేర్లు పెడుతోంది. 2017లో 6, 2021లో 15, 2023లో 11, 2024లో 30, 2025లో 27. పేరు పెడితే ఏమవుతుందిలే అని మనవాళ్లు నవ్వుకుంటారు. ఆ సంఖ్యలు చూస్తే నాకు నవ్వు రాదు. 2022 జనవరి 1 నుంచి వాళ్లకు సరిహద్దు భూముల చట్టం కూడా అమల్లోకి వచ్చింది. సరిహద్దు వెంట వందల కొద్దీ కొత్త ఊళ్లు కట్టి జనాన్ని దించారు. భూటాన్ తనదనే నేలలోనూ కట్టారు. ఊళ్లో పిల్లలు, బడి, దుకాణం ఉన్నాక రేపు దాన్ని ఎవరు ఖాళీ చేయిస్తారు?

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. చైనాకూ అవమానం జరిగింది. నల్లమందు అమ్మనివ్వలేదని బ్రిటన్ యుద్ధం చేసి, 1842లో హాంకాంగ్‌ను లాక్కుంది. ఆ నల్లమందు ఎక్కువగా పండింది మన బిహార్, బనారస్, మాల్వా పొలాల్లోనే. ఆ గాయం వాళ్లు మరచిపోలేదు, మరచిపోవాలని నేనూ అనను. కానీ ఆ పాపం ఫిలిప్పీన్స్ జాలరిది కాదు, భూటాన్ పశువుల కాపరిది కాదు.

వాళ్లకు వందేళ్ల సీక్రెట్ ప్లాన్ ఉందని వాట్సాప్‌లో తిరిగే మాటలను కూడా నేను నమ్మను. వాళ్లూ తప్పులు చేస్తారు. శ్రీలంకలోని హంబన్‌టోట పోర్టునే తీసుకోండి. 2017లో 99 ఏళ్ల లీజుకు చైనా కంపెనీ చేతికి పోయింది నిజమే. కానీ శ్రీలంక అప్పుల్లో పెద్ద వాటా అంతర్జాతీయ బాండ్లది, ఆ పోర్టు కావాలని ముందు తిరిగింది కూడా శ్రీలంక నాయకులే. చైనా దగ్గర ఉన్నది మంత్రం కాదు, ఓపిక. ఎదుటివాడు ఏమరుపాటుగా ఉన్న రోజు కోసం కాచుకుని ఉండే ఓపిక.

మందుల్లోనూ అదే జరిగింది. యాంటీబయోటిక్ మందులకు ముడిసరుకైన పెన్సిలిన్-జి ఒకప్పుడు మన దేశంలోనే తయారయ్యేది. చైనా సరుకు చవగ్గా దిగేసరికి 1990ల నుంచి మన ప్లాంట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. చవగ్గా వస్తుంటే ఎందుకు వద్దంటాం అనుకున్నాం. మళ్లీ కాకినాడ జిల్లాలో ప్లాంటు పెట్టి మొదలుపెట్టడానికి 2024 దాకా పట్టింది. హైదరాబాద్ చుట్టూ ఇన్ని ఫార్మా కంపెనీలున్నాయని గర్వపడే మనం, వాటికి ముడిసరుకు ఎక్కడి నుంచి వస్తుందో ఒక్కసారి అడగాలి.

2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గాల్వాన్ లోయలో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో మన సైనికులు 20 మంది చనిపోయారు. వాళ్లలో ఒకరైన కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు మా సూర్యాపేట బిడ్డ. ఆ వారమంతా ఫోన్లలో యాప్‌లు తీసేశాం, చైనా సరుకు కొనొద్దని పోస్టులు పెట్టాం. నేనూ పెట్టాను. గడ్డిమంట ఎంతసేపుంటుంది?

ఇప్పుడు ఊరికి వెళ్లినప్పుడల్లా ఆయన విగ్రహం ముందు నుంచే వెళ్తాను. అక్కడ ఆగినప్పుడు ఒక ప్రశ్న తొలుస్తుంది. 2024 అక్టోబర్‌లో చైనాతో కుదిరిన పెట్రోలింగ్ ఒప్పందం లద్దాఖ్‌లోనే ఉన్న డెప్సాంగ్, డెమ్‌చోక్‌లకు సంబంధించింది. గాల్వాన్‌లో ఘర్షణ తర్వాత బఫర్ జోన్ (ఇద్దరూ అడుగుపెట్టని ఖాళీ నేల) పెట్టి, ఇరుపక్షాలూ వెనక్కి జరిగాయి. 2020కి ముందు మన సైనికులు ఎక్కడి దాకా నడిచి వెళ్లేవాళ్లు? ఇవాళ ఎక్కడ ఆగిపోతున్నారు? మన పాత కడీ ఆ బఫర్ జోన్‌లో ఎన్ని గజాల లోపల ఉంది? ఓట్ల కోసం మా ఇంటికొచ్చే ఎంపీ అభ్యర్థిని, ఏ పార్టీ వాడైనా సరే, ఈసారి నేను అడగబోయేది ఇదే.