"గుంటకే కదా" అనుకుంటే ప్రాణం మీదికే: పత్తిలో ట్రాక్టర్ అంతరకృషిపై తిరుగుతున్న సందేశానికి జవాబు

పత్తి మొలిచి కలుపు మొదలైందంటే చాలు, రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చక్కర్లు కొడుతోంది. ట్రాక్టర్ వెనక తగిలించే అంతరకృషి (సాళ్ల మధ్య దున్ని కలుపు తీయడం) యంత్రం గురించి. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "ఎద్దుల గుంటకకు ఇంజిన్ పెట్టినట్టే, నేర్చుకునేదేమీ లేదు. షాఫ్ట్ మీది గార్డు తీసేయండి. గడ్డి చుట్టుకుంటే లిఫ్ట్ లేపి లాగేయండి, ఇంజిన్ ఆపితే డీజిల్ దండగ. బ్లేడ్లు దిగకపోతే వెనక ఒక మనిషిని నిలబెట్టండి. ఎంత లోతుగా, ఎంత వేగంగా పోతే అంత లాభం. గ్రీజు సీజన్‌కు ఒకసారి చాలు. బోల్టు మాటిమాటికీ తెగుతుంటే గట్టి బోల్టు వేయండి. కూలి ఖర్చు, కలుపు మందు ఖర్చు తగ్గుతాయి."

చివరి మాట నిజమే. సాళ్లు తిన్నగా ఉన్న చేలో ఈ యంత్రం చేసే మేలు నేను కళ్లారా చూస్తున్నాను. మిగతా మాటల్లో కొన్ని పంటను పాడుచేస్తాయి, కొన్ని మనుషులనే తీసుకుపోతాయి. మనుషుల సంగతే ముందు.

"గార్డు తీసేయండి." కర్రులు, వెడల్పు బ్లేడ్లు మాత్రమే ఉండే రకానికి పీటీఓతో, అంటే ఇంజిన్ శక్తిని వెనక యంత్రానికి అందించే తిరుగుడు కడ్డీతో, పనిలేదు. తిరిగే బ్లేడ్లున్న రోటరీ రకానికే పీటీఓకు తగిలించే షాఫ్ట్ ఉంటుంది. పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 9. షాఫ్ట్ చుట్టుకొలత పావు మీటరు అనుకున్నా, సెకనుకు రెండు మీటర్లకు పైగా గుడ్డ దానికి చుట్టుకుపోతుంది. లుంగీ అంచో, మెడలో కండువానో, కూలికొచ్చిన ఆడమనిషి చీర కొంగో తగిలితే చాలు, కేక నోటి నుంచి వచ్చేలోపే మనిషి షాఫ్ట్ దగ్గరికి చేరిపోతాడు. ఎద్దు మనిషి కేక విని నిలబడుతుంది. షాఫ్ట్‌కు చెవులు లేవు. గుంటకకూ దీనికీ తేడా లేదనే వాళ్లు ముందు ఈ ఒక్క సంగతి ఆలోచించాలి.

గార్డు ఎందుకు తీసేస్తున్నారో నాకు తెలుసు. గార్డును కదలకుండా పట్టి ఉంచే చిన్న గొలుసు తెగిపోతుంది, అప్పుడది షాఫ్ట్‌తో పాటే తిరిగి, కొట్టుకుని పగులుతుంది. ఇంజిన్ ఆపి గొలుసు మళ్లీ కట్టండి. కట్టే ముందు గార్డును చేత్తో తిప్పి చూడండి, తేలిగ్గా తిరగాలి. బిగుసుకుంటే లోపలి బేరింగు పోయినట్టు.

"లిఫ్ట్ లేపి గడ్డి లాగేయండి." వానాకాలంలో తుంగ, గరిక తీగలు బ్లేడ్లకు చుట్టుకోవడం రోజూ ఉండేదే. తొందరలో దిగి చెయ్యి పెట్టడం కూడా రోజూ చూసేదే. పీటీఓ లివర్ తీసిన తర్వాత కూడా బ్లేడ్లు కొంతసేపు తిరుగుతాయి. పైగా లేపిన యంత్రం లిఫ్ట్‌లోని నూనె ఒత్తిడి మీద వేలాడుతోంది. సీటు మీద కూర్చున్న పిల్లవాడి మోకాలు లివర్‌కు తగిలినా, హోస్ పైపు పగిలినా యంత్రం ఒక్కసారిగా కింద పడుతుంది. పీటీఓ తీయాలి, యంత్రాన్ని నేలకు దించాలి, గేరు న్యూట్రల్ చేసి చేతి బ్రేకు వేయాలి, ఇంజిన్ ఆపాలి. తాళం చెవి జేబులో వేసుకోవాలి. బ్లేడ్లు పూర్తిగా ఆగాయని కళ్లతో చూశాకే గడ్డి ముట్టుకోవాలి, అదీ కొక్కెంతోనో కర్రతోనో. బ్లేడు మార్చడానికి కిందికి దూరాల్సి వస్తే లిఫ్ట్‌ను నమ్మొద్దు, గట్టి దిమ్మెలు పెట్టండి. దీనికంతా ఖర్చయ్యేది రెండు నిమిషాలు.

హోస్ మాట వచ్చింది కాబట్టి ఇక్కడే ఇంకొకటి. నూనె ఎక్కడ కారుతుందో వేలితో తడిమి చూడకండి. సూది మొనంత రంధ్రం నుంచి ఒత్తిడితో వచ్చే నూనె చర్మంలోకి దిగిపోతుంది. పైకి చిన్న పోటులాగే కనిపిస్తుంది, ఆస్పత్రికి వెళ్లడం ఆలస్యమైతే వేలే తీసేయాల్సి రావచ్చు. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి.

"వెనక మనిషిని నిలబెట్టండి." నిలబడ్డ మనిషి జారితే పడేది బ్లేడ్ల ముందో, వాటి మీదో. ఇంతకు మించి దీనికి జవాబు అక్కర్లేదు. బ్లేడ్లు దిగకపోవడానికి కారణాలు వేరే ఉంటాయి: అంచు అరిగిపోవడం, తేమ తప్పి నేల గట్టిపడటం, టాప్ లింక్ (ట్రాక్టరుకూ యంత్రానికీ మధ్య పైన ఉండే కడ్డీ) పొడవుగా ఉండటం. టాప్ లింక్‌ను కొంచెం కొంచెంగా తగ్గిస్తే బ్లేడు ముక్కు కిందికి వంగి నేలలోకి దిగుతుంది.

"ఎంత లోతుగా, ఎంత వేగంగా పోతే అంత లాభం." ఇది వినడానికి బాగుంటుంది కాబట్టే ఎక్కువమంది నమ్ముతున్నారు. మొలకెత్తిన కలుపును తెంచడానికి మూడు, నాలుగు సెంటీమీటర్లు చాలు. పత్తికి తల్లివేరు లోతుకు పోయినా, పక్కవేర్లు పైమట్టిలోనే పరుచుకుంటాయి. లోతుగా పోతే ఆ వేర్లే తెగుతాయి, అడుగు తేమ ఆరిపోతుంది, కింద నిద్రపోతున్న కలుపు గింజ పైకొచ్చి మొలుస్తుంది. మొదళ్లకు రెండు వైపులా జానెడు వదిలేయండి. అక్కడి కలుపు చేత్తో తీయాల్సిందే. వేగం పెంచితే మట్టి ఎగిరి లేత మొక్కలను కప్పేస్తుంది. మొదటి పాటుకు మనిషి నడక వేగం దాటొద్దు.

అసలు మొక్కలు పోయేది ఇంకో కారణంతో, దాన్ని ఆ సందేశం ప్రస్తావించనే లేదు. అచ్చు తోలినప్పుడు (విత్తడానికి సాళ్లు గీసినప్పుడు) ఒక్కో విడతలో పడిన సాళ్ల మధ్య దూరం కచ్చితంగా ఉంటుంది. ఒక విడతకూ పక్క విడతకూ మధ్య దూరం మాత్రం డ్రైవరు తోలే తీరును బట్టి అటూ ఇటూ అవుతుంది. నాలుగు సాళ్లు తోలిన చేలో మూడు సాళ్ల యంత్రం దింపితే, ఆ అతుకు దగ్గర బ్లేడు మొక్కల మీదికే పోతుంది. నాలుగైతే నాలుగు, లేదా రెండు. చక్రాల మధ్య దూరం కూడా సాళ్లకు సరిపోవాలి: 90 సెంటీమీటర్ల సాళ్లలో రెండు వరసలను చక్రాల మధ్య పెట్టుకుని పోయే ట్రాక్టరుకు 180 సెంటీమీటర్లు. యంత్రాన్ని పక్కలకు కదలకుండా పట్టే చెక్ చైన్లు బిగించండి, వదులుగా ఉంటే యంత్రం వెనక ఊగుతుంది. గట్టు దగ్గర తిరిగే ముందు పూర్తిగా లేపండి. నేలలో ఉంచి తిప్పితే బ్లేడ్లను పట్టి ఉంచే కాళ్లు వంగుతాయి. మలుపుల కోసం విడదీసిన కుడి, ఎడమ చక్రాల బ్రేకు పెడళ్లను రోడ్డెక్కే ముందు కలిపి లాక్ చేయండి. ఒక్క పెడలే నొక్కుకుపోతే ట్రాక్టరు గిర్రున తిరిగి బోల్తా పడుతుంది.

గ్రీజు సంగతి: షాఫ్ట్ జాయింట్లకు ఎనిమిది గంటల పనికి ఒకసారి కొట్టాలి, అంటే నిండుగా పనిచేసిన రోజుకు ఒకసారి. కొత్త బ్లేడ్లు వేశాక గంట నడిపి నట్లు మళ్లీ బిగించండి.

ఇక గట్టి బోల్టు. యంత్రంతో వచ్చిన మామూలు బోల్టు (షియర్ బోల్టు) తెగడానికే పెట్టింది. రాయి తగిలినప్పుడు అది తెగితే గేరుబాక్సు బతుకుతుంది. దాని బదులు గట్టి (హైటెన్సైల్) బోల్టు వేస్తే ఆ దెబ్బ లోపలి పళ్లకు తగులుతుంది. మాటిమాటికీ తెగుతోందంటే చేలో రాళ్లున్నాయో, లోతు ఎక్కువైందో, బ్లేడు వంగిందో చూడండి. యంత్రంతో ఇచ్చిన రకం బోల్టులే నాలుగు కొని, పానాతో పాటు టూల్ బాక్సులో పెట్టుకోండి.