చదువురాని రైతు రాసిన వరసే సరైనది

లావోస్ తదితర దేశాల హ్మోంగ్ ప్రజల భాషకు రోమన్ లిపి ఉండగా, కొద్దిమందే రాసే పహావ్ హ్మోంగ్ లిపికి యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్ల కోసం ప్రతి అక్షరానికీ ఒక నంబరు కేటాయించే అంతర్జాతీయ ప్రమాణంలో, చోటెందుకని కొందరు అంటారు. 1950ల మొదట్లో లావోస్‌లో మిషనరీలు తయారుచేసిన ఆ రోమన్ పద్ధతే అమెరికాలోని హ్మోంగ్ కుటుంబాల్లోనూ ఎక్కువగా నడుస్తోంది, నిజమే. కానీ వాడకమే కొలత అయితే మన ‘ఴ’కు చోటెలా దక్కింది? పాత శాసనాల్లో తప్ప కనిపించని ఆ తెలుగు అక్షరమూ, పహావ్ హ్మోంగూ 2014లో ఒకే విడతలో, 7.0 వెర్షన్‌లో చేరాయి.

అసలు విశేషం ఆ లిపిని ఎక్కించిన తీరులో ఉంది. 1959లో దాన్ని రూపొందించిన షాంగ్ లూ యాంగ్ ఒక రైతు. అప్పటికి ఆయనకు ఏ భాషలోనూ చదవడం, రాయడం రాదు. అందుకేనేమో ఎవరి దారీ తొక్కలేదు. హ్మోంగ్‌లో హల్లు ముందు పలికి, అచ్చు తర్వాత పలుకుతారు. ఆయన లిపిలో మాత్రం అచ్చు ముందు, హల్లు తర్వాత. స్వరం ఎత్తు, తగ్గు తెలిపే గుర్తులూ అచ్చు మీదే. ‘క్’ అనే హల్లునైతే మామూలుగా రాయనే రాయరు. హల్లు రాసి దానికి అచ్చు గుర్తు తగిలించే మనకు ఇది తలకిందుల వ్యవహారం.

హిందీలో హ్రస్వ ఇకారం హల్లుకు ఎడమన కనిపించినా, ఫైల్‌లో హల్లు తర్వాతే నిల్వ అవుతుంది. పహావ్‌ను కూడా అలా ఉచ్చారణ వరసలోకి తిప్పేయవచ్చు. తిప్పలేదు, రాసిన వరసలోనే ఉంచారు. 1971లో హత్యకు గురైన ఆ రైతు ఆలోచన కంప్యూటర్‌లోకి చెక్కుచెదరకుండా వచ్చింది. ఇలాగే జరగాలి. లిపిని సాంకేతికతకు తగ్గట్టు సవరించమనే హక్కు ఏ ఇంజనీరుకూ లేదు.

కోడ్ నంబరు ఇస్తే సగం పనే అయినట్టు. మిగతా సగం ఫోన్ కంపెనీల చేతుల్లో ఉంది, నా కోపమంతా వాళ్ల మీదే. తెలుగుకు 1991 నుంచే యూనికోడ్‌లో చోటుంది. అయినా 2018లో, కంటికి కనిపించని ఒక గుర్తు మధ్యలో చేరిన ‘జ్ఞా’ అక్షరం వచ్చిన మెసేజ్‌కే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి. కోట్లమంది మాట్లాడే భాషనే సరిగ్గా పరీక్షించనివాళ్లు హ్మోంగ్‌ను పట్టించుకుంటారా? పహావ్‌కు గూగుల్ నోటో ఫాంటు ఉంది, మంచిదే. ఆ ఫాంటు, దానికి తగ్గ కీబోర్డు ఏ ఫోన్ కొన్నా అందులోనే ఉండాలి. అమ్మకానికి పెట్టేముందు ఆ లిపి రాసేవాళ్ల చేతే పరీక్ష చేయించాలి, వాళ్లకు జీతమిచ్చి.