బాబాయి జాగ్వార్

చెన్నై పుదుపేటలో పాత కార్ల విడిభాగాలు అమ్మే సందులంటే మా బాబాయికి ప్రాణం. మొన్నో దుకాణంవాడు సైలెన్సర్ల గుట్ట కిందనుంచి నల్లటి జంతువు బొమ్మ ఒకటి లాగేసరికి బేరమాడటం కూడా మర్చిపోయాడు. ఇంటికి తెచ్చి టీవీ పక్కన నిలబెట్టాడు.

"ఒరేయ్, జాగ్వార్ కారు ముక్కు మీద బిగించే బొమ్మరా! 1938 నాటి గోర్డన్ క్రాస్బీ డిజైను. దూకుతోంది చూశావా?"

నా కంటికైతే తుమ్మబోతున్నట్టుంది.

పిన్ని చూసి "ముంగిస" అని తేల్చేసింది. పై ఫ్లాట్ రిటైర్డ్ ఇంజినీరుగారు చెవులు కొలిచి కుందేలన్నారు. ఆల్విస్ కార్ల మీద కుందేలు ఉండేదట. బాబాయి ఓ మెట్టు దిగాడు.

"పోనీ, కుందేలే అనుకోండి. విలువేం తగ్గదు. బుగాటీ రొయాల్ మీద ఉన్నది ఏనుగు కాదూ? కంపెనీ పెట్టినాయన తమ్ముడు రెంబ్రాంట్ చెక్కిన ఏనుగది. హిస్పానో సూయిజా కారు మీద కొంగ. మొదటి ప్రపంచ యుద్ధంలో గినెమేర్ అనే ఫ్రెంచి పైలట్ దళానికి గుర్తు అదే. 1925లో లాలిక్ అనే ఫ్రెంచి గాజు కళాకారుడైతే సిట్రోయెన్ కార్ల కోసం గాజుతో అయిదు గుర్రాలు చేశాడు."

"గాజుతోనా? మన స్పీడ్ బ్రేకర్లకి ఒక్క గుర్రం మిగలదు" అంది పిన్ని.

ఇంజినీరుగారు పరీక్షలు మొదలుపెట్టారు. అయస్కాంతం అంటుకోలేదు కాబట్టి ఇనుము కాదు. అసలు బొమ్మకి అచ్చు తీసి నకలు పోత పోస్తే, లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోయి నకలు కాస్త చిన్నదవుతుందట. మంచి పరీక్షే. పోల్చి చూడటానికి అసలు బొమ్మ మా దగ్గర లేదంతే. అయినా ఆయన ముక్కు నుంచి తోక దాకా కొలిచి డైరీలో రాసుకున్నారు. ఇక మిగిలింది పూత. కార్లకి క్రోమ్ పూత వచ్చింది 1920ల చివర్లో. అంతకుముందు నికెల్, అది కాస్త పసుపు ఛాయలో ఉంటుంది.

"ఏది చూడాలన్నా ముందు ఆ నలుపు పోవాలిగా" అన్నారాయన.

"ముట్టుకోకండి! పాత బొమ్మకి ఆ నలుపే ఆధార్ కార్డు" అని బాబాయి అరిచేసరికే పిన్ని దాన్ని వంటింట్లోకి తీసుకెళ్లి చింతపండు పట్టించింది. దాని ఆధార్ కార్డు బూటు పాలిష్ వాసన వేస్తూ సింకులోంచి వెళ్లిపోయింది. కింద క్రోమూ లేదు, నికెలూ లేదు. పచ్చటి ఇత్తడి.

బొమ్మని తిరగేశారు. రేడియేటర్ మూతకి బిగించే బోల్టు ఉండాల్సిన చోట కన్నం ఉంది. ఇంజినీరుగారు అందులోకి గట్టిగా ఊదారు. లోపల మిగిలిన చింతపండు పులుసంతా జంతువు నోట్లోంచి వచ్చి సూటిగా బాబాయి కళ్లజోడు మీద పడింది.

"ఆవిరి గొట్టం!" అన్నాడు బాబాయి కళ్లజోడు తుడుచుకుంటూ, ఏమాత్రం తగ్గకుండా. "ఈ బొమ్మలుండేది రేడియేటర్ మూత మీదేగా. నీళ్లు మరిగితే ఆవిరి నోట్లోంచి పోవాలని పెట్టుంటారు."

పులుసు కక్కే కుందేలు ఏ దేశపు కారుదో ఇంజినీరుగారు ఆలోచిస్తుండగా, గీజర్ బాగుచెయ్యడానికి వచ్చిన నెల్లూరు ప్లంబరు దాన్ని చేతిలోకి తీసుకుని కన్నంలో వేలు తిప్పి చూశాడు.

"అరంగుళం మర సార్. పాత బంగళాల్లో కుళాయి మూతి. చన్నీళ్లది ఇదైతే, వేడినీళ్లదేది?"

బాబాయి అప్పటికే చెప్పులేసుకుంటున్నాడు.